గదికో వాతావరణం: బడి పంతులు వారెన్ జాన్సన్ జీవిత ప్రస్థానం

వేసవి మధ్యాహ్నం ఏ ఇంట్లోకి అడుగుపెట్టినా ఒక సంగతి ఇట్టే తెలిసిపోతుంది. పడమటి గది కుంపటిలా కాగుతూ ఉంటుంది. తూర్పు వైపు గది కాస్త ఓర్చుకునేలా ఉంటుంది. వంటింట్లో నిలబడటమే గగనమవుతుంది. ఒకే కప్పు కింద ఉన్నంత మాత్రాన గదులన్నిటిదీ ఒకే వాతావరణం కాదు. ఈ చిన్న సత్యాన్ని ఇంజినీరింగ్ సమస్యగా గుర్తించి, ప్రతి గది తన ఉష్ణోగ్రతను తానే సరిచూసుకునే ఏర్పాటును ప్రపంచానికి అందించినవారు వారెన్ సేమర్ జాన్సన్. ఆయన వృత్తిరీత్యా ఇంజినీరు కారు, బడి పంతులు. ఆయన ఎదుర్కొన్నది మండుటెండ కాదు, ఎముకలు కొరికే చలి. అయినా ఆయన కనుగొన్న సూత్రం నేడు చలి దేశాలకు ఎంత అవసరమో, విద్యుత్ గిరాకీ పెరుగుతున్న భారతదేశానికీ అంతే అవసరం.

జాన్సన్ 1847 నవంబరు 6న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం లెస్టర్‌లో జన్మించారు. ఆయన బాల్యంలోనే కుటుంబం పడమటి దిక్కుగా విస్కాన్సిన్‌కు తరలిపోయింది. అప్పటికి ఆ ప్రాంతం కొత్తగా స్థిరపడుతున్న రైతుల సీమ. పెద్ద చదువులకు అవకాశం అంతంతమాత్రం. జాన్సన్ చాలావరకు సొంతంగానే నేర్చుకున్నారు. అచ్చాఫీసులో పనిచేశారు, భూముల సర్వే చేశారు, బడిలో పాఠాలు చెప్పారు, ఆపై పాఠశాలల పర్యవేక్షకుడి బాధ్యత చేపట్టారు. చేతిపని తెలిసిన బుద్ధిజీవి ఆయన. పుస్తకంలో చదివినదాన్ని బల్ల మీద తయారుచేసి చూస్తేగాని తృప్తి కలిగేది కాదు.

1876లో వైట్‌వాటర్ పట్టణంలోని ప్రభుత్వ నార్మల్ స్కూలులో ఆయనకు అధ్యాపక ఉద్యోగం దొరికింది. ఉపాధ్యాయులను తయారుచేసే ఆ విద్యాలయమే కాలక్రమంలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ వైట్‌వాటర్ ప్రాంగణంగా రూపొందింది. అక్కడ జాన్సన్ ప్రకృతి శాస్త్రాలు బోధించేవారు. విద్యుత్తు మీద ఆయనకు ఉన్న మక్కువ విద్యార్థులకూ తోటివారికీ తెలియనిది కాదు. పాఠం ముగిశాక ప్రయోగశాలలో తీగలు, బ్యాటరీలు, గంటలతో కాలం గడిపేవారు.

తలుపు తట్టే పనివాడు

విస్కాన్సిన్ చలికాలం కఠినమైనది. నెలల తరబడి నేల మీద మంచు పేరుకుని ఉంటుంది. పాఠశాల భవనానికి వేడినిచ్చే కొలిమి నేలమాళిగలో ఉండేది. దాన్ని కనిపెట్టుకుని ఉండే పనివాడికి పైనున్న తరగతి గదుల్లో ఎంత వేడి ఉందో కూర్చున్నచోటి నుంచి తెలిసే మార్గం లేదు. అందువల్ల అతడు పాఠం సాగుతుండగానే గది గదికీ తిరిగి, ఉష్ణమాపకం చూసి, మళ్లీ కిందికి దిగి, వేడి గాలి దారుల్లోని పలకలను తెరవడమో మూయడమో చేసేవాడు. అతడు మెట్లు దిగి పలక సరిచేసేలోగా పైన పరిస్థితి మారిపోయేది. ఉత్తరపు గాలి తగిలే గదిలో విద్యార్థులు వణుకుతూ ఉంటే, ఎండ పడే గదిలో ఉక్కపోతకు కునికిపాట్లు పడేవారు.

ఈ తంతు పాఠానికి అంతరాయం, పనివాడికి ఆయాసం, బొగ్గుకు దండగ. దీన్ని చూస్తూ ఊరుకోవడం జాన్సన్ వల్ల కాలేదు. గదిలోని వేడి తన సంగతి తానే నేలమాళిగకు చెప్పుకోగలిగితే పనివాడు తలుపు తట్టవలసిన అవసరమే ఉండదని ఆయన భావించారు.

ఇందుకు కావలసిన ముడి సూత్రం అప్పటికే లోకానికి తెలుసు. 17వ శతాబ్దంలోనే డచ్ ఆవిష్కర్త కార్నెలిస్ డ్రెబెల్ కోడిగుడ్లు పొదిగే పెట్టెలో వేడిని దానంతటదే అదుపు చేసే ఉపాయం పన్నారు. 1830లో స్కాట్లాండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ యూర్ రెండు వేర్వేరు లోహపు రేకులను అతికించి తయారుచేసిన సాధనానికి పేటెంటు పొంది, దానికి థర్మోస్టాట్ అని పేరు పెట్టారు. వేడి తగిలినప్పుడు రెండు లోహాలు సమానంగా సాగవు. ఒకటి ఎక్కువ, మరొకటి తక్కువ వ్యాకోచిస్తుంది. దాంతో అతికించిన పట్టీ ఒక పక్కకు వంగుతుంది. చల్లబడితే తిరిగి యథాస్థితికి వస్తుంది.

జాన్సన్ ఆ వంపును విద్యుత్ వలయంతో ముడిపెట్టారు. గది వేడెక్కినా చల్లబడినా చుట్టగా చుట్టిన లోహపు పట్టీ కదిలి వలయాన్ని పూర్తిచేస్తుంది. వెంటనే నేలమాళిగలో గంట మోగుతుంది. పనివాడు అక్కడి నుంచి కదలకుండానే ఏ పలకను మార్చాలో తెలుసుకుంటాడు. ఈ సాధనానికి ఆయన విద్యుత్ టెలీ థర్మోస్కోప్ అని నామకరణం చేశారు. 1883 జులైలో దానికి అమెరికా పేటెంటు లభించింది. అప్పటికి ఆయన వయసు 35 ఏళ్లు.

నిజానికి అది సగం పరిష్కారమే. గంట మోగినా పలక తిప్పవలసింది మనిషే. అయితే వేడిని కొలవవలసిన చోటు కొలిమి కాదు, మనుషులు కూర్చునే గది అన్న ఆలోచనకు ఆ గంటతోనే రూపం వచ్చింది.

మిల్వాకీలో కొత్త జీవితం

ఆవిష్కరణకు పెట్టుబడి తోడుకావాలి. మిల్వాకీ నగరంలో మాంసం శుద్ధి పరిశ్రమకు వారసుడైన విలియం ప్లాంకింటన్ ఈ సాధనంపై ఆసక్తి కనబరిచారు. ఆయన ఆర్థిక సహాయంతో తొలుత చిన్న సంస్థ ఏర్పడింది. 1885లో అది జాన్సన్ ఎలక్ట్రిక్ సర్వీస్ కంపెనీగా నమోదైంది. జాన్సన్ బోధనకు స్వస్తి చెప్పి మిల్వాకీకి మకాం మార్చారు. నెల తిరిగేసరికి జీతం అందే ఉద్యోగాన్ని విడిచి, అప్పటికి ఎవరికీ పెద్దగా తెలియని వస్తువును నమ్ముకోవడం ఆ వయసులో చిన్న సాహసం కాదు.

అదే 1885లో మరో అమెరికా నగరం మినియాపొలిస్‌లో ఆల్బర్ట్ బట్జ్ అనే వ్యక్తి ఇంటి కొలిమి గాలి పలకను దానంతటదే ఎత్తి దించే సాధనాన్ని రూపొందించారు, ఆపై సంస్థ స్థాపించారు. అనంతర కాలంలో హనీవెల్‌గా ప్రసిద్ధి పొందిన సంస్థకు మూలం అదే. ఇద్దరి దృష్టిలో ఉన్న తేడా గమనించదగినది. బట్జ్ సాధనం ఇంటి మొత్తానికి ఉన్న ఒక్క కొలిమిని అదుపు చేసింది. జాన్సన్ చూపు మాత్రం గది మీద నిలిచింది. ఒకే కొలిమి ఉన్నా ఏ గదికి ఎంత వేడి చేరాలన్నది ఆ గదే నిర్ణయించాలన్నది ఆయన పట్టుదల.

ఈ దారిలో ఆయనకు ఎదురైన అడ్డంకి శక్తి. న్యూయార్కులో ఎడిసన్ విద్యుత్ కేంద్రం 1882లో పనిచేయడం ప్రారంభించింది. మిగతా పట్టణాల్లో చాలా భవనాలకు విద్యుత్తు ఇంకా కలగానే ఉంది. బ్యాటరీ నుంచి వచ్చే బలహీన ప్రవాహం గంట మోగించగలదు గాని, ఆవిరి గొట్టం మీది బరువైన కవాటాన్ని మూయలేదు. జాన్సన్ దీనికి గాలిలో సమాధానం వెతికారు.

ఆయన పన్నిన ఏర్పాటు ఇలా పనిచేసేది. నేలమాళిగలో ఒక యంత్రం గాలిని పీడనానికి గురిచేసి తొట్టెలో నిల్వచేస్తుంది. అక్కడి నుంచి సన్నని గొట్టాల ద్వారా ఆ గాలి ప్రతి గది గోడ మీదున్న థర్మోస్టాట్‌కు చేరుతుంది. గదిలో కోరిన వేడి కుదరగానే లోహపు పట్టీ వంగి ఒక చిన్న రంధ్రాన్ని అదుపు చేస్తుంది. దాంతో పీడన గాలి ఆవిరి కవాటం మీదున్న రబ్బరు పొరను ఉబ్బిస్తుంది. ఉబ్బిన పొర కవాటాన్ని నొక్కి మూసేస్తుంది. గది చల్లబడితే గాలి బయటికి పోయి, స్ప్రింగు కవాటాన్ని మళ్లీ తెరుస్తుంది. పట్టీలోని వెంట్రుకవాసి కదలిక బరువైన కవాటాన్ని శాసిస్తుంది. మధ్యలో మనిషి ప్రమేయం ఉండదు. పక్క గదితో సంబంధం ఉండదు.

గదుల వారీగా వేడిని అదుపు చేసే ఈ వాయు పీడన పద్ధతికి 1895లో పేటెంటు లభించింది. భవనాన్ని మండలాలుగా విభజించి, ఒక్కో మండలానికి ఒక్కో ఉష్ణమాపకాన్ని, ఒక్కో కవాటాన్ని కేటాయించే పద్ధతికి ఆధునిక కాలంలో ఇదే ఆరంభం. అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం 2008లో ఈ ఏర్పాటును చారిత్రక ఇంజినీరింగ్ ఘట్టాల జాబితాలో చేర్చింది.

వ్యాపారంలో జాన్సన్ పాటించిన నియమం ఒకటి ఉంది. పరికరాన్ని అమ్మి చేతులు దులుపుకోవడం ఆయనకు నచ్చేది కాదు. తమ సంస్థ మనుషులే వెళ్లి భవనంలో అమర్చాలి, తర్వాతి నిర్వహణనూ వారే చూసుకోవాలి. సరిగా అమర్చని థర్మోస్టాట్ అసలు లేనిదానికన్నా చేటు చేస్తుంది. కిటికీ పక్కనో, వేడి గొట్టం పైనో బిగిస్తే అది గది సంగతి చెప్పదు, తన చుట్టూ ఉన్న జానెడు చోటు సంగతి చెబుతుంది. సంస్థ పేరులో సర్వీస్ అన్న మాట చేరడం యాదృచ్ఛికం కాదు. అనతికాలంలోనే అమెరికా పార్లమెంటు భవనం, స్మిత్‌సోనియన్ సంస్థ, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి, ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ నివాసం ఈ ఏర్పాటును అమర్చుకున్న భవనాల జాబితాలో చేరాయి.

ఒక చోట నిలవని మనసు

జాన్సన్ అంతటితో ఆగి ఉంటే ఆయన జీవితం విజయవంతమైన వ్యాపారి కథగా మిగిలేది. కాని ఒక సమస్య తీరగానే ఆయన మనసు మరోదాని మీదికి మళ్లేది. షాండిలియర్లు, స్ప్రింగు లేని తాళాలు, ముల్లు గుచ్చుకున్నా గాలి పోని టైర్లు, రైలు పెట్టెలకు ఆవిరి వేడిని అందించే గొట్టాల బిగింపులు ఆయన చేతుల్లో రూపుదిద్దుకున్నాయి. జీవితకాలంలో 50కి పైగా పేటెంట్లు సంపాదించారు.

కవాటాలను నడిపిన పీడన గాలితోనే ఆయన గోపుర గడియారాలనూ నడిపించారు. ఫిలడెల్ఫియా నగర మందిరం గోపురం మీద 26 అడుగుల వ్యాసం గల ముఖాలతో నిలిచిన గడియారం ఆయన సంస్థ నిర్మాణమే. 1899 ఆగమన వేళ అది పనిచేయడం మొదలుపెట్టింది. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో కొండవాలు మీద 100 అడుగులకు మించిన వెడల్పుతో పూలమొక్కల మధ్య తిరిగిన ముళ్లు వేలాది సందర్శకులను ఆకట్టుకున్నాయి.

తీగలేని తంతి సమాచారం మీద కూడా ఆయన దృష్టి పడింది. ఆయన సంస్థ రూపొందించిన పరికరం 1900 పారిస్ ప్రదర్శనలో రెండో బహుమతి గెలుచుకుంది. తదనంతర కాలంలో రేడియో చరిత్రలో పేరు తెచ్చుకున్న లీ డి ఫారెస్ట్ కొంతకాలం మిల్వాకీలో జాన్సన్ వైర్‌లెస్ సంస్థలో పనిచేశారు. ఆ ప్రయత్నం వ్యాపారంగా నిలదొక్కుకోలేదు. తర్వాత ఆయన ఆవిరితో నడిచే మోటారు బళ్ల వైపు మళ్లారు. గుర్రం లేని బండిలో తపాలా చేరవేసే ఒప్పందాన్ని అమెరికా ప్రభుత్వం నుంచి దక్కించుకున్న ఘనత ఆయన సంస్థకు దక్కింది. అయితే పెట్రోలు ఇంజన్ల హోరులో ఆవిరి బండి ఎక్కువ కాలం నిలవలేకపోయింది.

ఈ చంచలత్వాన్ని లోపమని తీర్పు చెప్పడం తేలిక. భాగస్వాముల దృష్టిలో అది ఖర్చు. నిలకడగా రాబడి తెచ్చిన థర్మోస్టాట్ వ్యాపారం సంపాదించిన దానిలో కొంత, నిలదొక్కుకోని ప్రయోగాలకు వెచ్చించవలసి వచ్చింది. కాని తరగతి గదిలో తలుపు చప్పుడుకు విసుగుపడి ఊరుకోకుండా దాని కారణాన్ని వెతికిన మనసూ, గడియారాల వెంటా బళ్ల వెంటా పరుగెత్తిన మనసూ ఒక్కటే. మొదటిది కావాలంటే రెండోదాన్ని భరించక తప్పదు.

1911 డిసెంబరు 5న కాలిఫోర్నియాలోని లాస్ ఏంజెలెస్‌లో జాన్సన్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 64 ఏళ్లు. మరుసటి ఏడాది హ్యారీ ఎలిస్ సంస్థ సారథ్యం స్వీకరించారు. భవనాల ఉష్ణోగ్రత నియంత్రణ మీదే పూర్తిగా దృష్టి పెట్టాలని నిర్ణయించి, మోటారు బళ్లు తదితర వ్యాపకాలకు స్వస్తి పలికారు. 1974లో ఆ సంస్థ జాన్సన్ కంట్రోల్స్‌గా పేరు మార్చుకుంది. జాన్సన్ ప్రేమించిన పనుల్లో కాలానికి నిలిచింది ఆయన తొలిప్రేమ ఒక్కటే.

నేటి ఇళ్లలో ఆయన సూత్రం

పీడన గాలి స్థానాన్ని తర్వాతి కాలంలో విద్యుత్ మోటార్లు, ఎలక్ట్రానిక్ సాధనాలు ఆక్రమించాయి. సూత్రం మాత్రం మారలేదు. నేడు కేంద్రీయ శీతలీకరణ ఉన్న ఇంటిని మండలాలుగా విభజించినప్పుడు పడక గదులకు ఒక థర్మోస్టాట్, హాలుకు మరొకటి, పై అంతస్తుకు ఇంకొకటి అమరుస్తారు. గాలి గొట్టాల్లో మోటారుతో కదిలే పలకలు ఉంటాయి. ఏ మండలం చల్లదనం కోరితే ఆ దారి తెరుచుకుంటుంది, మిగిలినవి మూసుకుంటాయి. అన్నిటినీ సమన్వయపరిచే నియంత్రణ పెట్టె యంత్రానికి ఆదేశాలిస్తుంది.

ఇందులో ఒక చిక్కు ఉంది. ఒకే ఒక చిన్న గది చల్లదనం కోరినప్పుడు ఇల్లంతటికీ సరిపడే యంత్రం పూర్తి వేగంతో తిరిగితే ఆ గొట్టంలో పీడనం పెరిగి గాలి హోరుమంటుంది. యంత్రం మాటిమాటికీ ఆగి మొదలవుతూ త్వరగా అరిగిపోతుంది. అందుకే మండల విభజన సత్ఫలితమివ్వాలంటే అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే యంత్రం దానికి తోడుకావాలి. 1982లో జపాన్‌కు చెందిన డైకిన్ సంస్థ ప్రవేశపెట్టిన పద్ధతి ఈ దిశలో పెద్ద ముందడుగు. ఒకే బయటి యంత్రం నుంచి అనేక గదులకు అవసరమైనంత మేరకే శీతలీకరణ ద్రవాన్ని పంపడం దాని ప్రత్యేకత.

మన దేశంలో చాలా ఇళ్లలో కేంద్రీయ వ్యవస్థ లేదు. పడక గదికి ఒక ఏసీ బిగించి, రాత్రికి కుటుంబమంతా అక్కడే పడుకోవడం మధ్యతరగతి అలవాటు. పేరు తెలియకపోయినా అదీ మండల విభజనే. అంతకుముందు తరాలవారు గాలిని గదులకు తరలించలేదు, తామే గదులు మారారు. తెలుగునాట మండువా లోగిలిలో ఎండ తిరిగేకొద్దీ మంచాలు నీడ వైపుకు జరిగేవి. పగలు వట్టివేళ్ల తడికలు తడిపిన గదిలో, రాత్రి ఆరుబయటో డాబా మీదో నిద్రపోయేవారు. ఇరుకు ఫ్లాట్లలో ఆ వెసులుబాటు తగ్గిపోయింది. ఆ మేరకు భారం యంత్రం మీద పడింది.

ఆ భారం లెక్క చిన్నది కాదు. 2024 మే 30న దేశంలో విద్యుత్ గిరాకీ 250 గిగావాట్ల స్థాయికి చేరింది. గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా తయారుచేయాలన్న నిబంధన 2020 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఏసీ ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. 2019లో విడుదలైన జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక 2037-38 నాటికి శీతలీకరణ గిరాకీని 20 నుంచి 25 శాతం తగ్గించాలని లక్ష్యంగా పెట్టుకుంది. మనుషులు లేని గదిని చల్లబరచకపోవడం ఈ లక్ష్యానికి అన్నిటికన్నా చవకైన మార్గం. 1880ల్లో మంచు దేశపు బడిలో జాన్సన్ గ్రహించిన విషయమూ ఇదే. కొలిమిలో ఎంత మండిందన్నది కాదు, మనిషి ఉన్న చోటికి ఎంత చేరిందన్నదే లెక్క.

గోడ మీది చిన్న పెట్టెలో అంకె మార్చేటప్పుడు దాని వెనుక ఒక బడి పంతులు ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆయన కోరుకున్నదీ బహుశా అదే కావచ్చు. మంచి ఏర్పాటు పనిచేస్తున్నప్పుడు ఎవరూ తలుపు తట్టరు, పాఠం మధ్యలో ఆగదు.